అద్దానికి ఇవతలి గంట

ఐదు దాటి రెండు నిమిషాలయింది, వీపు మీద పదిహేడు అంకె ఉన్న ఆకుపచ్చ బనీను పిల్ల ఒక మోకాలి మీద కూర్చుని బూటు లేసు విప్పి మళ్లీ కడుతోంది, అది మా అమ్మాయి, పదేళ్లది, నేను మేడ మీద తల్లిదండ్రుల గదిలో, గోడంత అద్దం వెనక, రెండో వరస కుర్చీలో ఉన్నాను. కింద రేకుల కప్పు వేసిన పెద్ద హాలు, పచ్చటి ప్లాస్టిక్ గడ్డి, ఇరవై నలుగురు పిల్లలు, జుట్టు కురచగా కత్తిరించుకున్న ఫుట్‌బాల్ కోచ్ మేడమ్. ఆవిడ విజిల్ ఊదితే బుగ్గలు ఉబ్బడం కనిపిస్తుంది గాని చప్పుడు పైకి రాదు, అద్దం అంత మందం. ఇలాంటి అద్దం నాకు కొత్త కాదు. పద్నాలుగేళ్లుగా అద్దానికి ఇవతల కూర్చుని అవతలి మనిషి ముఖం చూడటమే నా ఉద్యోగం. చెవుల ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేస్తాను. చప్పుడు చొరబడని చిన్న గదిలో పేషంటు, చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో బటన్. కూత వినిపిస్తే నొక్కమంటాను, నొక్కితే పది డెసిబెల్స్ తగ్గిస్తాను, నొక్కకపోతే ఐదు పెంచుతాను, అలా దిగుతూ ఎక్కుతూ ఆ మనిషికి లోకం ఎక్కడ మొదలవుతుందో పట్టుకుంటాను. నేనేమీ పంపకపోయినా నొక్కేవాళ్లుంటారు. అది అబద్ధం కాదు, ఆశ. కళ్లు చూస్తే తెలిసిపోతుంది. నిజంగా విన్నవాళ్ల కళ్లు ఉన్నచోటే నిలిచిపోతాయి, ఆశపడినవాళ్ల కళ్లు అద్దంలోంచి నన్ను వెతుకుతాయి, సరిగ్గా నొక్కానా అని.

ఆరింటికి కోచ్ మేడమ్ పైకి వచ్చి ఎంపికైన ఎనిమిది మంది అంకెలు చదువుతుందట. మన అంకె వస్తే అక్కడికక్కడే సంతకం పెట్టాలి, రేపు చెబుతామంటే ఆ చోటు తర్వాతి పిల్లకి పోతుంది. సంతకం పెట్టాల్సిన కాగితం ముందే ఇచ్చారు, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను, అందులో పదకొండు షరతులు, పదింటితో నాకేం పేచీ లేదు. ఆరోది చదివినప్పటి నుంచి అన్నం సయించడం లేదు. మొదటి ఏడాది తల్లిదండ్రులు ఇంట్లో పిల్లలకు ఆట నేర్పరాదు, పిల్లలు తమంతట తాము రోజూ పావుగంట బంతితో ఆడుకోవచ్చు. అంతే, రెండు ముక్కలు. ప్యాంటు జేబులో ఇంకో కాగితం ఉంది, బస్సు డిపో వెనక మైదానంది, దాని మీద షరతులే లేవు, పేరు, వయసు, బూటు సైజు, అది నింపేశాను కూడా, ఏడింటిలోగా ఇస్తే చాలు. ఎవరికీ చెప్పేది కాదు గనక నాలో నేను చెప్పుకుంటున్నాను, ఆ చదివే అంకెల్లో నా బిడ్డది ఉండకూడదని కోరుకుంటున్నాను. లేదు, కోరుకోవడం లేదు. కోరుకుంటున్నాను.

సెలవులన్నీ దీనితోనే గడిచాయి, ఎక్కడ చేర్చాలా అని. మొదట స్కూల్లోనే సాయంత్రం క్లాసు చూశాం, అక్కడి కోచ్ బంతి వదిలేసిన పిల్లని పట్టుకుని కళ్లున్నాయా బొక్కలున్నాయా అని అరిచాడు, మా అమ్మాయి అరగంటసేపు నా వేలు వదల్లేదు, ఇంకేం అడగకుండా ఇంటికి వచ్చేశాం. తర్వాత డిపో మైదానం. అక్కడ నేర్పేది రిటైరైన కండక్టరు, పిల్లలు రైట్‌రైట్ తాత అంటారు, ఎందుకంటే ఆయనకి విజిల్ లేదు, ఆట మొదలవ్వాలంటే రైట్ రైట్ అని అరుస్తాడు. పిల్లలందరూ బంతి చుట్టూ ఈగల్లా మూగితే చెయ్యెత్తి "ముందుకి జరగండమ్మా, లోపలంతా ఖాళీ" అంటాడు, నవ్వుకుంటూ నిజంగానే జరుగుతారు, మైదానం విచ్చుకుంటుంది. ఆఖరి పది నిమిషాలు తల్లిదండ్రులు కూడా ఆడాలని అక్కడ నియమం, నేను ఆఫీసు బూట్లతోనే ఆడాను, ఒకసారి పడ్డాను, లేచేసరికి నాకంటే పెద్దాయన ఒకాయన పడి ఉన్నాడు, ఇద్దరం చేతులు పట్టుకుని లేచాం, పేర్లు అడగలేదు. ఎన్నాళ్లకో ఒళ్లంతా చెమట పట్టింది. ఆ రోజే కాగితం నింపేశాను. కానీ తాత నన్ను పక్కకి పిలిచాడు.

"సార్, ఏమనుకోకండి. ఈ పిల్ల నా దగ్గర ఓ ఏడాది ఆడుతుంది. రెండో ఏడాది నా మొహం చూసి ఆడుతుంది. ఆ రేకుల హాలుందే, అక్కడోసారి చూపించండి."

"అక్కడ తీసుకుంటారంటారా?"

"తీసుకోకపోతే నేనెక్కడికి పోతాను? మీ చోటు శనివారం ఏడింటి దాకా ఆపుతా."

కింద బంతి మా అమ్మాయి దగ్గరికి వచ్చింది. అరికాలితో ఆపింది. ఎంత మెత్తగా ఆపింది, తలుపు చాటున నిద్రపోయే మనిషి కోసం గొళ్లెం వేసినట్టు. అద్దం ఇంత మందం లేకపోయినా ఆ చప్పుడు వినిపించదు, నాకు తెలుసు, ఆ ఆపడం మా ఇంట్లో పుట్టింది. మా వసారా పదకొండు అడుగుల పొడవు, నా అడుగులతో, ఒక చివర ఫ్రిజ్, ఇంకో చివర చెప్పుల స్టాండు, అదే గోలు, మధ్యలో బోర్లించిన నాలుగు ప్లాస్టిక్ మగ్గులు, వాటి మధ్య నుంచి బంతి పాములా తీసుకుపోవాలి. ఎడమ చేతి పక్క గది తలుపు. ఆ గదిలో మా ఆవిడ పడుకుని ఉండేది, రెండేళ్ల కిందట, పదకొండు నెలలు. మందుల మధ్య పట్టే ఆ కాస్త నిద్రకి నేను కాపలాదారుణ్ణి, ఇంట్లో చెంచా కింద పడకూడదు, కుర్చీ జరపకూడదు, మరి ఎనిమిదేళ్ల పిల్ల కాళ్లు ఊరుకుంటాయా, అందుకని పాత మేజోళ్లలో గుడ్డపీలికలు కుక్కి బంతి కుట్టాను, లైబ్రరీ పుస్తకం ఒకటి తెచ్చాను, బంతి ముట్టుకోవడమంటే ఏమిటో బొమ్మలు చూసి నేను నేర్చుకుని ఆమెకి నేర్పాను. పుస్తకంలో లేని నియమం ఒకటి నేను కలిపాను, చప్పుడైతే ఆ పాస్ లెక్కలోకి రాదు. ఆటంటే అదేననుకుంది పాపం. చాలాకాలం వరకూ ప్రపంచమంతా ఫుట్‌బాల్ గుసగుసగానే ఆడుతుందనుకుంది.

తలుపు వెనక నుంచి మా ఆవిడ గొంతు వచ్చేది. "ఏమండీ, ఇంట్లో దొంగలు పడ్డారా? గిలక్కాయ చప్పుడు లేదేంటి?" కూతుర్ని గిలక్కాయ అనేది. "స్కోరెంత?" అని అడిగేది. నేను చెప్పేవాణ్ణి, ఐదు నాలుగు, అమ్మాయి గెలిచింది. మర్నాడు, ఏడు ఆరు, అమ్మాయే. "రోజూ సరిగ్గా ఒక్క గోలుతోనే ఓడిపోతారేంటండీ? ఇందులో ఏదో లాలూచీ ఉంది" అనేది, నవ్వితే దగ్గొస్తుందని నవ్వు మింగుతూ. ఒకరోజు తలుపు తీయమంది, తీస్తే నీకు నిద్ర పట్టదన్నాను, పట్టకపోతే ఏమైంది అంది, నేను తీయలేదు. ఆ తర్వాత తీశాను, నాలుగు రోజులు తీసే ఉంచాను, ఆమె దిండుకి చెయ్యి ఆనించుకుని చూసింది, నాలుగు రోజులు చాలా పెద్దవి, ఒక్కోసారి అవి పదకొండు నెలలకంటే పెద్దవిగా తోస్తాయి. ఒక్కోసారి తోచవు.

ఆ తర్వాత చాలా వారాలు బంతి చెప్పుల స్టాండు కిందే ఉండిపోయింది. ఒక సాయంత్రం అమ్మాయే నిజం బంతి తీసుకొచ్చి వసారాలో పెట్టి నా వంక చూసింది, నాలుగో సైజు బంతి, తోలు వాసన, మొదటి దెబ్బకే ఇల్లు ఖంగుమంది, ఇద్దరం ఉలిక్కిపడి తలుపు వైపు చూశాం, తర్వాత ఒకరినొకరం చూసుకోలేదు. అప్పటినుంచి రోజూ ఆరు నుంచి ఏడు. కింది వాటా పెద్దావిడకి చెవుడు, ఆవిడకి మిషను అమర్చింది నేనే, అమర్చిన మూడో రోజు మెట్లెక్కి వచ్చింది. "బాబూ, నీ పుణ్యమా అని అన్నీ వినిపిస్తున్నాయి. మీ బంతి కూడా." సిగ్గుతో చచ్చిపోయాను. రేపట్నుంచి ఆపేస్తామండీ అన్నాను. "ఆపడమెందుకయ్యా, మిషను నాదేగా, ఆరింటికి తీసి డబ్బాలో పెట్టేస్తాను, ఏడింటికి పెట్టుకుంటాను" అంది. ఇవాళ్టికీ అలాగే చేస్తుంది. అంతంత ఖరీదు చేసే వినికిడిని ఒక గంట మా కోసం డబ్బాలో పెడుతుంది. ఆరో షరతు మీద సంతకం పెడితే ఆవిడకి ఆ పని కూడా తప్పుతుంది, అని ఏదో కారణంలా అనుకుంటున్నాను, అది కారణం కాదు. రోజంతా ఉండీ ఉండీ నేను బతికేది ఆ గంట. పొద్దున్న లేచింది మొదలు కూతలు పెంచుతూ తగ్గిస్తూ నేను నడిచేది ఆరింటి వైపు.

"మీ పాపదెంత?" పక్క కుర్చీ ఆవిడ అడిగింది. పళ్ల డాక్టరట, ఒళ్లో నోటుబుక్కు, అందులో ఐదు అకాడెమీలకి ఐదు గళ్లు గీసుకుంది, కోచ్‌కి ఎంతమంది పిల్లలు, ఇంటి నుంచి ఎంత దూరం, దెబ్బ తగిలితే చూసేవాళ్లున్నారా లేదా.

"పదిహేడండి. ఆకుపచ్చ."

"నాది నారింజ, నాలుగు. అదిగో, గోలు దగ్గర నిలబడి గడ్డి నిజమైందో కాదో పీకి చూస్తోందే, అదే." నవ్వింది. "బంతిని ఎంత మెత్తగా ఆపుతోందండీ మీ అమ్మాయి."

"ఇంట్లో చప్పుడు చెయ్యకూడదు, అలా అలవాటైంది."

"అపార్ట్‌మెంటా?"

"ఆఁ" అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు, అడగకపోవడం కూడా ఒక దయే, టీ మిషన్ నుంచి రెండు కప్పులు తెచ్చి ఒకటి నా చేతికిచ్చింది. ఫోను వణికింది. మా మరదలు, మా ఆవిడ చెల్లెలు, వాళ్ల అక్క పోయాక వారానికి నాలుగుసార్లు చేస్తుంది, ఈ హాలు సంగతి కనుక్కుని పేరు రాయించింది కూడా తనే.

"బావా, పిలిచారా?"

"ఇంకా లేదు. ఆడుతున్నారు."

"నీ గొంతేంటి అలా ఉంది? చూడు బావా, పిలిస్తే సంతకం పెట్టు. మళ్లీ ఇంటికెళ్లి ఆలోచిస్తా, మా అక్క ఫొటోతో మాట్లాడతా అనకు. అక్క అయితే ఈపాటికి రెండు సంతకాలు పెట్టేసేది."

"ఊఁ."

"ఊఁ కాదు."

కింద ఆట మారింది, ఆకుపచ్చవాళ్లకీ నారింజవాళ్లకీ. కాసేపటికి ఒకటి గమనించాను, నేనొక్కణ్ణే గమనించి ఉంటాను, ఆ తర్వాత కోచ్ మేడమ్ అట్ట మీద ఏదో రాసుకోవడం చూసి నేనొక్కణ్ణే కాదని తెలిసింది. బంతి ఎటు నుంచి వచ్చినా మా అమ్మాయి ఆపడం, ఒళ్లంతా ఎడమకి తిప్పడం, అక్కడెవరున్నారో చూడకుండానే కాస్త వెనక్కి తోసెయ్యడం. అక్కడ రెండు జడల పొడుగు పిల్ల ఒకతి ఉంది, ఉందో లేదో చూడకుండానే ఆమెకి. మళ్లీ వచ్చింది, మళ్లీ ఎడమకే. మూడోసారి ఆ జడల పిల్ల అక్కడ లేదు, అయినా బంతి అక్కడికే వెళ్లింది, నారింజవాళ్లు ఎత్తుకుపోయారు. ఆ చోటు నాది. వసారాలో నేను నిలబడే చోటు, ఎడమ పక్క, కాస్త వెనగ్గా. రెండేళ్లుగా రోజుకి వందసార్లు అక్కడికి పంపడం నేర్పాను, తల ఎత్తాల్సిన పని లేదు, నాన్న అక్కడే ఉంటాడు. ఆరో షరతు ఎందుకు రాశారో అప్పుడు అర్థమైంది, టీ చల్లారిపోయింది.

ఐదు నలభై. బంతి వచ్చింది, అరికాలు, ఆగింది, భుజం ఎడమకి తిరగబోయి ఆగింది. తల ఎత్తింది. నా వైపే చూస్తుందనుకున్నాను, సగం లేచి చెయ్యి కూడా ఎత్తాను, ఎత్తిన చెయ్యి అద్దానికి తగిలింది. ఆమె చూపు అద్దం కిందనుంచి సాగిపోయింది, ఈ చివర నుంచి ఆ చివరికి, తొందర లేకుండా, కిక్కిరిసిన గదిలో ఖాళీ కుర్చీ ఎక్కడుందా అని చూసినట్టు, అటు దూరంగా కుడి అంచున ఒక బక్క పిల్ల ఒంటరిగా నిలబడి ఉంది, నేను ఆ పిల్లని చూసేలోపే బంతి ఆమె కాళ్ల దగ్గరుంది. తర్వాత మా అమ్మాయి పరిగెత్తింది. ఆ పరుగు నేనెప్పుడూ చూడలేదు. పదకొండు అడుగుల్లో ఎవరు మాత్రం పరిగెత్తుతారు అనుకున్నాను, కానీ అది కాదు, అది ఒక్కటే కాదు. పోయిన చలికాలం నేను మగ్గు మీద కాలేసి జారి మోకాలు పట్టేసింది, నెల రోజులు కుంటుతూ నడిచాను, ఆ తర్వాత నుంచి నా ఆట బాగుపడింది. బంతి నా కాలి దగ్గరికే వస్తోంది, నేను ఆపగలుగుతున్నాను, ఒక గోలు ఎక్కువ కూడా వేస్తున్నాను, ఈ వయసులో నాకూ ఆట పట్టుబడుతోందని లోలోపల మురిసిపోతున్నాను కూడా. వెర్రివాణ్ణి. ఆమె నెమ్మదిగా ఆడుతోంది. నేను పడకుండా ఆడుతోంది. సరిగ్గా ఒక్క గోలుతో ఓడిపోతోంది, రోజూ, లాలూచీగా. ఆ గంట నేను ఆమెకి ఇస్తున్నాననుకున్నాను.

వాళ్ల అమ్మ పోయాక ఆమెకొక అలవాటైంది. స్నానానికి వెళ్లి లోపల నుంచి పిలుస్తుంది, నాన్నా ఉన్నావా, ఉన్నాను. హోంవర్కు మధ్యలో, నాన్నా ఉన్నావా. స్కూలు గేటు దగ్గర మూడుసార్లు వెనక్కి తిరుగుతుంది. రోడ్డు దాటాక నేను దాటానా లేదా అని నిలబడి చూస్తుంది, పదేళ్ల పిల్ల, పెద్ద ఆరిందాలాగ. ముద్దుగా ఉందనుకునేవాణ్ణి. ఇవాళ మెట్ల దగ్గర చెప్పి పంపాను, రెండో వరసలో కూర్చుంటాను, భయమేస్తే పైకి చూడు. ఇప్పుడు గడియారం చూశాను, నలభై ఏడు నిమిషాలు. ఒక్కసారి చూడలేదు. మొదట్లో చిన్నబుచ్చుకున్నాను కూడా, ఒప్పుకుంటాను. నలభై ఏడు నిమిషాలు నేనున్నానో లేదో చూసుకోవాల్సిన అవసరం ఆమెకి రాలేదు. కిందికి వంగి చూశాను, ఆ బక్క పిల్ల తిరిగి బంతి ఇచ్చింది, మా అమ్మాయి నోరు తెరిచి ఏదో అరిచింది, ఏమని అరిచిందో నాకు ఎప్పటికీ తెలియదు, ఆమె కళ్లు ఉన్నచోటే నిలిచిపోయి ఉన్నాయి. పద్నాలుగేళ్లుగా చూస్తున్నాను, ఆ కళ్లు పొరబడే కళ్లు కావు.

చొక్కా జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పాను. పెన్ను లేదు. పళ్ల డాక్టరు అడక్కుండానే తన పెన్ను ఇచ్చింది. "అంకెలింకా చదవలేదు కదండీ" అంది. తెలుసన్నాను. కాగితం మోకాలి మీద పెట్టి ఆరో షరతు ఇంకోసారి చదివి అన్నిటికీ కింద సంతకం పెట్టాను, చదువుకునే రోజుల్లో హాల్‌టికెట్ మీద పెట్టినంత శ్రద్ధగా. పెట్టాక భయం పట్టుకుంది, ఇందాకటి భయం కాదు, పూర్తిగా తిరగబడిన భయం, ఆ అంకె చదవకపోతే? చదవకూడదని ఈ నోటితోనే కదా కోరుకున్నాను, ఆ కోరిక ఎక్కడైనా నమోదైపోయి ఉంటే? ఆ మూడు ఎడమ పాస్‌లు నావి మేడమ్, పిల్లవి కావు, అని కిందికి వెళ్లి చెబుదామా? ఆరయింది. కోచ్ మేడమ్ మోకాలి పట్టీ సర్దుకుంటూ మెట్లెక్కి వచ్చింది. పదకొండు. రెండు. ఇరవై మూడు. తొమ్మిది. ఇరవై. ఆరు. నా చేతిలో కాగితం చెమటకి మెత్తబడింది. పదిహేడు. ఎనిమిదో అంకె ఏమిటో నేను వినలేదు, నాలుగు మాత్రం కాదు, ఎందుకంటే పక్కావిడ "హమ్మయ్య, కిందికెళ్లి చెబితే ఎగిరి గంతేస్తుంది మా అమ్మాయి" అని నోటుబుక్కు మూసేసింది.

సంతకం పెట్టి ఉన్న కాగితం చూసి కోచ్ మేడమ్ నా వంక చూసింది. "ఇంట్లో ఎవరు నేర్పారండీ?"

"నేనేనండి."

"ఆడేవారా?"

"లేదండి. లైబ్రరీ పుస్తకం."

"బంతి ఆపడం మేం నేర్పగలిగేదాని కంటే బాగా నేర్పారు." కాగితం తీసుకుని అట్టకి తగిలించింది. "ఇక మీరు ఆపెయ్యండి."

"ఆపేశానండి" అన్నాను.

మేడమ్ మిగతా కాగితాలు కూడా తీసుకుని కిందికి దిగాక, కిటికీ పక్కకి వెళ్లి డిపో తాతకి ఫోన్ చేశాను. ఏడింటి దాకా ఆపిన చోటు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని చెప్పబోయాను. "మొన్ననే ఇచ్చేశానండి" అన్నాడు. "మీరొస్తే కాదంటానా, ఇంకొకళ్లని ఇరికించేవాణ్ణి. ఇంతకీ ఎన్నో పిల్లగా పిలిచారు?" ఏడో పిల్ల అన్నాను. "రైట్ రైట్" అన్నాడు, పెట్టేశాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. తలుపు తోసుకుని వచ్చింది, ముఖమంతా ఎర్రబడి, చెవుల దాకా చెమట, ఆ బక్క పిల్ల చెయ్యి పట్టుకుని ఉంది, పేరైనా తెలుసో లేదో. "నాన్నా, నేను బాగా ఆడానా?" అంది. నా దగ్గర జవాబు ఉంది. ఆ మూడు ఎడమ పాస్‌లు ఎక్కడ తప్పయ్యాయో, నలభయ్యో నిమిషంలో భుజం ఎంత అందంగా ఆగిందో, పరిగెత్తేటప్పుడు మోచేతులు ఎందుకు దగ్గరికి పెట్టుకోవాలో, ఒక గంట చెప్పగలిగినంత జవాబు నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది.

"నన్నడుగుతావేంటమ్మా" అన్నాను. "కిందే ఉన్నారు, వెళ్లి మీ మేడమ్‌ని అడుగు."

ఒక క్షణం నా ముఖంలోకి చూసింది. తర్వాత ఇద్దరూ ఒకరినొకరు లాక్కుంటూ మెట్లు దిగి పరిగెత్తారు, రెండేసి మెట్లు ఒక్కసారి.